భృత్యాచారము - బానిసత్వము

వీరశైవ ధర్మమునకు ప్రాణప్రాయములైన పంచాచారములలో ఒకటి భృత్యాచారము. శివభక్తులందరు తనకంటె అధికులనియు, తాను వారికి సేవకుడననియు భావించి నడచుకొనుటయే దాని లక్షణము. సేవకుడను మాటను లోకము హీనముగా చూచును. శరణులు దానినే శిరోభూషణముగా ధరించినారు. అయితే తనంతట తాను భృత్యుడగుట వేరు, సాటి మానవుని బలిమితో భృత్యునిగా చేయుట వేరు. ఈ రెండింటికిని నడుమనున్న దూరము ఎంతటిదో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమందున్న ఒక పాత కట్టడము చెప్పగలదు.

దాని పేరు స్లేవ్ లాడ్జ్. బానిసల వసతి అని అర్థము. 1652లో కేప్ తీరమున స్థిరపడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ, 1679లో తన బానిసలను ఉంచుటకు దీనిని కట్టించినది. ఆ కాలమున వెలుపలి గోడలకు కిటికీలు లేవు. ఇనుప కమ్ములు బిగించిన సన్నని సందులలోనుండియే వెలుగు రావలెను. పగలెల్ల కంపెనీ పనులలో శ్రమించిన స్త్రీ పురుషులను, పసిబిడ్డలను రాత్రి లోపలనుంచి తలుపులు మూసెడివారు. 1811 వరకు బానిసలు అందున్నారు. పిదప అది న్యాయస్థానమైనది, 1966లో మ్యూజియమైనది. అప్పుడును అందు దొరల ఇండ్ల సామగ్రికే పెద్దపీట. 1998లో గాని ఆ భవనము తిరిగి తన పాత పేరు పొందలేదు.

నేడు అందు ప్రవేశించిన యాత్రికునికి ఒక స్తంభము కనబడును. దానిపై బానిసల పేర్లు వరుసగా వ్రాయబడి వెలుగుచుండును. ఆ పేర్లను చదివినవాని మనస్సు కలతచెందక మానదు. అవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు. సెప్టెంబరు, ఫిబ్రవరి అని నెలల పేర్లు పెట్టినారు. టైటస్, క్యుపిడో అని వినోదమునకు పురాతన రోమను పేర్లు పెట్టినారు. వాని వెనుక పుట్టిన దేశమును తగిలించినారు: బెంగాలువాడు, మలబారువాడు, కోరమండలమువాడు. అంతకుమించిన వంశము, గోత్రము, ఊరు, ఇల్లు వారికి మిగులలేదు. నెలల పేర్లు నేటికిని కేప్ ప్రాంతమున కొన్ని కుటుంబములకు ఇంటిపేర్లుగా నిలిచియున్నవి.

ఇందు తెలుగువారికి పరాయిదనము లేదు. కోరమండలమనగా మన తూర్పు తీరమే. 17వ శతాబ్ది ఆరంభముననే డచ్చివారు మచిలీపట్నమునను, పులికాటునను వర్తక స్థానములు నెలకొల్పినారు. వస్త్రములతోపాటు మనుష్యులను కూడ ఓడలకెక్కించినారు. కరవు సంవత్సరములలో ఆకలికి తాళలేక తమ్ముతామును, బిడ్డలను అమ్ముకొన్నవారును అందున్నారు. బానిసల కాలములో కేప్‌కు తేబడినవారు అరువదివేలకు పైబడుదురనియు, వారిలో నాల్గవవంతు వరకు భారతదేశమునుండి వచ్చినవారనియు చరిత్రకారుల అంచనా.

ఆ వసతికి ప్రక్కనే ఒక ప్రార్థనాలయము కలదు. మొదటి ఆలయము 1704లో వెలసినది. ఒక గోడకు ఈవల దైవప్రార్థన, ఆవల సంకెల. బాప్తిస్మము పొందిన బానిసను అమ్మరాదని 1770లో నియమము వచ్చినప్పుడు, పలువురు యజమానులు తమ బానిసలను బాప్తిస్మమునకే దూరముగా ఉంచినారు. దైవము ముందు సోదరుడైనవాడు అంగడిలో సరకు కాలేడని వారికి తెలిసినది; తెలిసియు సరకునే కోరుకొన్నారు. 1834 డిసెంబరు 1న కేప్‌లో బానిసత్వము రద్దయినది. అయినను పని నేర్చుకొనువారను పేరుతో మరి నాలుగేండ్లు యజమానుల వద్దనే ఊడిగము చేయవలసి వచ్చినది. నష్టపరిహారము యజమానులకు ముట్టినది; తరతరములు చాకిరి చేసినవారికి ఒక కాసైనను ముట్టలేదు.

ఇది చదివి పరమతస్థుల దోషమని తృప్తిపడుట శరణమార్గము కాదు. నిజాము పాలనలోని తెలంగాణమున దొరల గడీలలో వెట్టిచాకిరి సాగిన దినములలో ఆ ఇండ్ల దేవతార్చనలు ఆగలేదు. అప్పుకు జీతగాడై పశువుల కొట్టమున పండుకొన్న బాలుని పేరు ఎన్ని కుటుంబములు గుర్తుంచుకొన్నవి? వెట్టిని, అప్పు జీతమును నిషేధించు చట్టము మన దేశమున 1976లో వచ్చినది. చట్టము సంకెలను తెంచగలదు, చూపును మార్చలేదు. చూపును మార్చునది ఆచారము.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధిపతి. చెప్పులు కుట్టు కాయకము చేయు హరళయ్య ఒకనాడు శరణు అని నమస్కరింపగా, ఆయన శరణు శరణార్థి అని రెట్టింపు వినయముతో బదులు పలికినాడని సంప్రదాయము చెప్పుచున్నది. తనకు ఒక నమస్కారము అధికముగా వచ్చినదని, అది తీర్చవలసిన ఋణమని హరళయ్య తల్లడిల్లినాడట. ఒకరు వంగితే ఇంకొకరు మరింత వంగిన చోట యజమాని ఎవడు, బానిస ఎవడు? భృత్యాచారమున సేవకులే ఉందురు. సేవ చేయించుకొను ప్రభువు ఒక్క లింగదేవుడే. అందుచేత భృత్యుడనని పలుకు నోట "నా బానిస" అను మాట పుట్టనేరదు.

కనుక లింగధారి తన ఇంటనే ఒక పరీక్ష చేసికొనవలెను. పొలమున, ఇంట పనిచేయువాని పూర్తి పేరు తనకు తెలియునా? అతని బిడ్డల పేర్లు తెలియునా? ఓరీ, ఏమే అని కాక పేరుతో పిలుచుచున్నాడా? అతని కాయకమునకు తగిన ఫలము, అడుగక ముందే చేతికందుచున్నదా? దాసోహమునాడు అతని విస్తరి తన విస్తరి ప్రక్కనే పడుచున్నదా? ఈ ప్రశ్నలకు అవునని బదులు రాని ఇంట, త్రికాల లింగపూజ జరిగినను, ఆ పాత కట్టడపు గోడ ఒకటి ఇంకను నిలిచియే ఉన్నది. కేప్‌లో పేర్లు పోగొట్టుకొన్నవారికి ఇప్పుడు వారి పేర్లు తిరిగి ఇచ్చుట ఎవరి తరమును కాదు. కాని రేపటి ఉదయమున గుమ్మమున నిలుచువానిని పేరుతో పిలిచి, శరణు అనుట ప్రతి భక్తుని చేతిలోనే ఉన్నది.

శరణు శరణార్థి.