అడవి నేర్పునది, అడవి నేర్పలేనిది

ధ్యానభాగము: కీర్తన 19, ద్వితీయోపదేశకాండము 22:6-7



బైబిలు చదువనేరని మనుష్యుడు చెట్టును, నీటిని, నక్షత్రములను చూచియే నీతిగా జీవింపగలడా? ఈ ప్రశ్నకు ఒక కథాపురుషుని జీవితము మంచి పరీక్షగా నున్నది.

అమెరికా రచయితయగు జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1823 మొదలు 1841 వరకు అయిదు నవలలలో నాటీ బంపో అను వేటగాని కథ వ్రాసెను. తెల్లవారి ఊళ్లు ముగిసి అడవి మొదలగు సరిహద్దు ప్రాంతమే అతని లోకము. పుట్టుకచేత తెల్లవాడు, పెరిగినది డెలావేరు అను ఆదిమవాసుల నడుమ. చదువు రానివాడు. అడవియే దేవుడు తనకొరకు తెరచియుంచిన పుస్తకమని నమ్మినవాడు.

ఆ పుస్తకమునుండి అతడు నేర్చినది మితము. ‘ది పయొనీర్స్’ అను నవలలో పావురముల గుంపులు ఆకాశమును కప్పుచు ఎగిరిపోవుచుండగా, ఊరివారు తుపాకులతోనే గాక చిన్న ఫిరంగితో కూడ కాల్చుదురు. కూలినవాటిని ఏరుకొనవలెనన్న ఆలోచనయు వారికి లేదు. నాటీ తనకు కావలసిన ఒక్క పక్షిని మాత్రము కొట్టి, ఈ వృథానాశనము దుర్మార్గమని గద్దించి వెళ్లిపోవును. ఇది కథయే గాని, దాని వెనుక నిజమున్నది. ఒకప్పుడు కోట్లకొలదిగా నుండిన ఆ జాతి పావురములలో కడపటిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయెను. గూటిలోని పిల్లలను తీసికొన్నను తల్లిని విడిచిపెట్టవలెనన్న ధర్మశాస్త్రపు ఆజ్ఞలోని భావమును చదువురాని వేటగాడు గ్రహించెను. చదువుకొన్న ఊరు గ్రహింపలేదు.

కావున ప్రకృతి గురువు కాదని మనము చెప్పలేము. సృష్టిని చూచి దేవుని శక్తిని తెలిసికొనవచ్చునని పౌలును వ్రాసెను (రోమా 1:20). అయితే ఇక్కడనే ఆగిపోకూడదు.

‘ది డీర్‌స్లేయర్’ నవలలో నాటీ యువకుడు. అతనితో హారీ మార్చ్, టామ్ హట్టర్ అను ఇద్దరు కలరు. వారును అడవివారే. హట్టర్ ఏండ్ల తరబడి ఆ సరస్సుమీదనే కాపురమున్నవాడు. అదే నీరు, అవే చెట్లు, అదే సూర్యోదయము. అయినను శత్రువుల తలచర్మమునకు ప్రభుత్వము రొక్కమిచ్చునని, స్త్రీలని పిల్లలని చూడక కోసి తెచ్చుటకు వారు రాత్రివేళ బయలుదేరిరి. నాటీ ఆ పనిలో పాలుపొందలేదు. తరువాత తన ప్రాణము తీయవచ్చిన ఒకనిని కాల్చవలసివచ్చినపుడు, అతనిని నీటియొద్దకు మోసికొనిపోయి దాహము తీర్చి, తల ఒడిలో పెట్టుకొని ఓదార్చెను.

అడవి ఒక్కటే, మనుష్యులు వేరైరి. ఎందుచేత? నాటీ చిన్నతనమున మొరేవియను మిషనరీల బోధ విన్నవాడని కూపరే చెప్పుచున్నాడు. వేటలో మితము అడవి నేర్పెను. శత్రువునకు నీళ్లిచ్చుట అడవి నేర్పినది కాదు. పులి తాను గాయపరచినదానికి నీళ్లియ్యదు గదా! అయినను నాటీకి తెలిసినది కొంతమట్టుకే. తలచర్మము కోయుట తెల్లవానికి తగదుగాని ఆదిమవాసికి తగునని అతడు తలంచెను. దేవుని యెదుట జాతికొక నీతి లేదు.

పందొమ్మిదవ కీర్తన మొదటి ఆరు వచనములు ఆకాశమును గూర్చినవి. ఏడవ వచనమునుండి దేవుని ధర్మశాస్త్రమును గూర్చినవి. పండ్రెండవ వచనములో కీర్తనకారుడు తన రహస్యపాపములను తలంచి వేడుకొనుచున్నాడు. ఆకాశమును చూచినవాడు అక్కడనే నిలిచిపోక, తన హృదయమును చూచుకొనువరకు వచ్చెను.

మనమును పొలముల నడుమ జీవించువారము. పొరుగువాని గట్టు జరుపువాడు కూడ మనము చూచు సూర్యోదయమునే చూచును. కాబట్టి పొలమునకు వెళ్లునపుడు సృష్టిని చూచి స్తుతించుడి; అవసరమునకు మించి చెరువును, చెట్టును దోచకుడి. ఇంటికి వచ్చి వాక్యము తెరచి, నేను ఎవనికి నీళ్లియ్య నిరాకరించితినని మిమ్మును మీరే అడుగుకొనుడి.