ఇండ్లా? చెట్లా?



నాగలమడికనుండియు ఆ చుట్టుపట్ల పల్లెలనుండియు బ్రతుకుదెరువు కొరకు బెంగళూరు చేరిన మనకు నీడ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఉత్తర పినాకిని ఒడ్డున పుట్టినను, ఏటిలో నీటికంటె ఇసుకనే ఎక్కువగా చూచి పెరిగినవారము. ఇప్పుడు మందిరము ప్రక్కనున్న ఖాళీ స్థలమును గూర్చి మనలో రెండు మాటలు పుట్టినవి. ఇండ్లు కట్టి అద్దెకిచ్చిన సంఘమునకు ఆదాయమని కొందరు, చెట్లు నాటవలెనని కొందరు. మేమును మొదట అద్దెల లెక్కే వేసితిమి.

వాక్యమేమి చెప్పుచున్నది? బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా పంపిన పత్రిక చూడుడి (యిర్మీయా 29:5). ఇండ్లు కట్టుటయు తోటలు నాటుటయు ఒకే వచనములో ఉన్నవి. ఆ మాట పరదేశములో ఉన్నవారికే వచ్చెను. గనుక ఇండ్లు కోరువారిని ధనాపేక్షులనరాదు, చెట్లు కోరువారిని పనిలేనివారనరాదు.

అయితే హద్దు కూడ ఉన్నది. లేవీయుల పట్టణముల చుట్టు ఎంత నేల విడువవలెనో దేవుడు మూరలతో కొలిచి చెప్పెను (సంఖ్యాకాండము 35). ఇంటికి ఇల్లు చేర్చుకొనుచు ఇతరులకు చోటు లేకుండ చేయువారిని యెషయా గద్దించెను (5:8). ప్రవక్త ఇంటిని తప్పుపట్టలేదు, ఆశను తప్పుపట్టెను.

మన నాగలమడిక హోబళినే చూడుడి. తిరుమణి మొదలగు గ్రామములలో సుమారు 13,000 ఎకరములలో 2018లో ప్రారంభమైన సౌర విద్యుత్ కేంద్రము 2,050 మెగావాట్లకు పెరిగెను. రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చిరి. వాన లేని యేటను కౌలు చేతికి వచ్చును, అది మేలే. గాని భూమిలేని కూలివారికి ఆ పొలములలో పని పోయెను, గొఱ్ఱెలకు బీడు తగ్గెను. ఆదాయము లెక్కించునప్పుడు ఇట్టివారు పుస్తకములోనికి ఎక్కరు.

గనుక మనము అడుగవలసినది, ఎవరికొరకు? అని. మన సంఘములో తలదాచుకొన చోటులేని విధవరాలున్నయెడల ఆమెకు గది కట్టుటయే మొదటి పని. చెట్టు పేరు చెప్పి తప్పించుకొనరాదు. రాబడి కొరకే అయినయెడల, ఆ నేల విడిచి వేపయు కానుగయు నాటుదము. భూమి దేవునిది, మనము ఆయనయొద్ద పరవాసులము (లేవీయకాండము 25:23). నాటిన మనము ఆ నీడను కూర్చుండకపోవచ్చును. రేపు పావగడ బస్సు దిగి, మూటతో, పసిబిడ్డతో వచ్చు కుటుంబము కూర్చుండును.

వచ్చు సంఘకూడికకు ముందు ప్రతి కుటుంబము ఈ సంగతి ప్రార్థనలో పెట్టవలెనని కోరుచున్నాము. ప్రభువు మనకు ఏకమనస్సు దయచేయును గాక. ఆమేన్.