పిట్ట పేరు పెట్టవచ్చునా?

ధ్యాన భాగము: మత్తయి 10:29–31



మా గ్రామమునుండి వెళ్లి సికింద్రాబాదులో కాపురమున్న ఒక కుటుంబమువారు తమ ఆడబిడ్డకు పేరు పెట్టుటకు మమ్మును పిలిచిరి. తల్లి యెమీమా అను పేరు కోరినది. దానికి పావురమని పలువురు పండితులు అర్థము చెప్పుదురు. అది విని నాయనమ్మ కన్నీళ్లు పెట్టుకొన్నది. "అయ్యగారూ, పోయినసారి బిడ్డ దక్కలేదు. ఈ పిల్లకు పిట్ట పేరు పెడితే ఇది గూడ ఎగిరిపోదా?" అన్నది.

ఆ భయమును చూచి నవ్వుట తగదు. బిడ్డలు పుట్టి పుట్టి పోవుచున్న ఇంట తరువాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టుట మన పల్లెలలో పాత వాడుక. పనికిరానిదని మృత్యువు విడిచిపోవునని వారి ఆశ. అట్టి పేరు పెట్టించినది ప్రేమయే. చిలకమ్మ, హంసమ్మ అని ముచ్చటగా పిలిపించినదియు ప్రేమయే. చిలుక పలుకు, పావురపు సాధుత్వము తమ బిడ్డకు రావలెనని ఏ తల్లి కోరదు?

అయితే పేరే గుణమును తెచ్చునా? 1879లో హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారికి భారత కోకిల అను పేరు ఊయలలో పెట్టినది కాదు, ఆమె కవిత్వమునుబట్టి వచ్చినది. యోనా అనగా పావురము. అయినను ఆయన దేవుని మాట తప్పించుకొని తర్షీషునకు ఓడ యెక్కెను. పేరు గుణమును తేదు. మృత్యువును ఆపదు, పిలువదు.

మరి పేరెందుకు? అది తల్లిదండ్రుల సాక్ష్యము. యోబు తన పదిమంది బిడ్డలను ఒక్క దినమున పోగొట్టుకొన్నవాడు. తరువాత పుట్టిన కుమార్తెలలో మొదటిదానికి ఆయన పెట్టిన పేరే యెమీమా (యోబు 42:14). ఈ బిడ్డ దక్కునో లేదో ఆయనకు ముందుగా తెలియదు. అయినను భయపడి పెంటమ్మ అనలేదు. ఇచ్చినవాని నమ్మి అందమైన పేరు పెట్టెను. పిచ్చుక ఎన్నడును నేల పడదని మన ప్రభువు చెప్పలేదు. తండ్రి చిత్తమునకు వెలుపల పడదని చెప్పెను. మన నమ్మిక అంతవరకే, అది చాలును.

ఇది విని ఆ అవ్వ చాలసేపు మాటలాడలేదు. తరువాత బిడ్డను ఒడిలోనికి తీసికొని, "ఆ పేరు ఎట్ల పలుకాలె, అయ్యగారూ?" అని అడిగినది.

ప్రియులారా, మీ బిడ్డకు ఏ పేరు పెట్టినను దాని అర్థమెరిగి పెట్టుడి. దినమొకసారియైనను ఆ పేరును ప్రార్థనలో పలుకుడి. పిచ్చుకలను లెక్కించువాడు మన పిల్లలను కాపాడును గాక. ఆమేన్.