తూనీగ జాతి ఎక్కడుంది?

మొన్నమొన్నటిదాకా పుస్తకాల్లో ఇస్క్నూరా అరోరా అని రాసిన సన్నతూనీగ మన చెరువుల మీద ఇప్పుడు లేదు. అంతరించిపోలేదు, వలసా పోలేదు. పసుపుపచ్చని ఒళ్లు, తోక కొసన నీలం మచ్చ, అన్నీ అలాగే ఉన్నాయి. అరోరా అన్నది ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వైపు జాతి అనీ, భారతదేశంలోది వేరే అనీ తేల్చిన శాస్త్రవేత్తలు 1876లో సెలీ అనే శాస్త్రవేత్త పెట్టిన రూబిలియో అనే పాత పేరును మళ్లీ పైకి తీశారు. నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట మండలంలో, ఆవంచ పొలాల నడుమ నిలిచిన ఏకశిలా గణపతిని చూడబోయే మనిషికి దారిలో ఇలాంటి తూనీగ ఎదురైతే ఈ మార్పు ఏమీ కనిపించదు. పురుగు మారలేదు, జాతి మారింది. అలాగైతే ఆ జాతి ఉన్నది పురుగులోనా, పుస్తకంలోనా?

తెలుగు నేలకు ఈ తగవు కొత్త కాదు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహమే ఇవాళ్టికీ తర్కం చదివేవాళ్లకు మొదటి పుస్తకం. అందులో సామాన్యం, అంటే జాతి, నిత్యం. అది ఒక్కటే, కానీ అనేక వ్యక్తుల్లో ఉంటుంది. ఆవులు పుడతాయి, పోతాయి. గోత్వం మాత్రం పోదు. ఆయనకు వెయ్యేళ్లకు పైగా ముందే బౌద్ధుడైన దిఙ్నాగుడు ఈ మాటను కొట్టిపారేశాడు. బయట ఉన్నవి విడివిడి వ్యక్తులే. ‘ఆవు’ అన్నామంటే ఆవు కానివాటిని పక్కకు నెట్టామని, అంతే; ఈ నెట్టివేతకే అపోహం అని పేరు. ఆ దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రాసింది ఆంధ్రదేశపు రాజధానికి నైరుతిన ఉన్న ఒంటరి కొండ మీదనని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టాడు.

ఇద్దరిలో ఎవరిది పైచేయో తేల్చడానికి ఆవు కన్నా తూనీగే మంచి సాక్షి.

వాలినప్పుడు రెక్కలు చాచి ఉంచేవి పెద్ద తూనీగలు. సన్నతూనీగలు చాలావరకు వాటిని వీపు మీదికి మడుచుకుంటాయి. ప్రపంచంలోని ఆరువేలకు పైగా తూనీగ జాతుల్లో ఇంచుమించు సగం ఈ సన్నవే. మన దేశపు తూనీగల మీద 1933–36 మధ్య మూడు సంపుటాలు రాసిన ఎఫ్. సి. ఫ్రేజర్ వృత్తికి సైనిక వైద్యుడు. ఆయన తరం కుటుంబాలను విడదీసింది ముఖ్యంగా రెక్కల నరాలను చూసి. నరాలు బాగా తగ్గిపోయిన సన్నతూనీగలన్నిటినీ ప్రోటోన్యూరిడే అనే ఒకే కుటుంబంలో వేశారు. 2014లో డైక్‌స్ట్రా, ఆయన సహచరులు డీఎన్‌ఏ పోల్చి చూస్తే ఆ కుటుంబం రెండు ముక్కలైంది. ఆసియా, ఆఫ్రికావి ఒక వంశంలోకి, అమెరికా ఖండాలవి మరో వంశంలోకి వెళ్లాయి. నరాలు తగ్గడం రెండు చోట్లా విడివిడిగా జరిగిన సంగతి. ఇంటిపేరు కలిసిందని దాయాదులు అనుకున్నట్టయింది.

అన్నంభట్టు పక్షానికే చెందిన పదో శతాబ్దపు న్యాయదర్శన పండితుడు ఉదయనుడు దీన్ని చూసి ఆశ్చర్యపడి ఉండడు. కంటికి కనిపించిన ప్రతి పోలికా జాతి కాదని, జాతి అనిపించుకోవడానికి ఆరు అడ్డంకులు చెప్పాడాయన. అందులో ఒకటి సాంకర్యం: రెండు ధర్మాలు ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమడకుండా అడ్డదిడ్డంగా కలుసుకుంటే వాటిని జాతులు అనకూడదు. నరాలు తక్కువ కావడం రెండు వంశాలనూ అడ్డంగా కోసింది. కనుక అది జాతి కాదు. కొమ్మలో కొమ్మగా ఒదగాలన్న నేటి వర్గీకరణ పట్టుదల ఉదయనుడి నియమానికి చుట్టమే.

అయినా న్యాయదర్శనం పూర్తిగా గెలవలేదు. నిత్యత్వం దగ్గర చిక్కుపడింది. తూనీగ జాతులకు పుట్టుక ఉంది, అంతమూ ఉంది. ఎప్పటికీ నిలిచే ‘రూబిలియోత్వం’ ఏదీ లేదు.

అలాగని అంతా మనిషి బుద్ధి గీసిన గీతే అనడానికీ లేదు. మగ సన్నతూనీగ జతకట్టేటప్పుడు తోక కొసన ఉన్న కొక్కేలతో ఆడదాని మెడభాగాన్ని పట్టుకుంటుంది. తన జాతిది కాకపోతే ఆ పట్టు చాలాసార్లు సరిగా కుదరదు. పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద పెట్టి జాతిని నిర్ణయించేదీ చాలావరకు ఈ కొక్కేలను చూసే. ఇస్క్నూరా సెనెగలెన్సిస్ అనే సన్నతూనీగలో కొన్ని ఆడవి అచ్చం మగదాని రంగులోనే ఉంటాయి. మగవాటి వేధింపు తప్పించుకోవడానికే ఆ వేషమని ఒక వివరణ. కన్ను మోసపోయే చోట కూడా కొక్కేనికి పని ఉంటుంది. తమాషా ఏమిటంటే, కానిదాన్ని తోసెయ్యడమే దాని పద్ధతి కూడా. దిఙ్నాగుడు బుద్ధిలో చూసిన అపోహం ఇక్కడ తూనీగ ఒంట్లోనే ఉంది!

జతకట్టగలిగినవే ఒక జాతి అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనం ఇంతవరకు బాగానే నడుస్తుంది. అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల దగ్గర ఆగిపోతుంది. అక్కడి ఇస్క్నూరా హస్టాటాలో మగవే లేవు. ఆడవి జతకట్టకుండానే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి మళ్లీ ఆడవే వస్తాయి. కొక్కెం లేదు, పట్టు లేదు, తోసెయ్యడమూ లేదు. మగా ఆడా కలిసి బతికే అమెరికా హస్టాటాలకూ వీటికీ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒకే పేరు రాస్తున్నారు. మేయర్ లెక్కకు అందకపోయినా, రెండూ ఒకే వంశం నుంచి దిగినవే.