సంతకము మనది, మాట ఎవరిది?



భోకర్‌లో కాపురమున్న మనవారికి కాగితములు వ్రాసిపెట్టడము మాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారమనీ, ఇంగ్లీషు వచ్చుననీ, ఆదివారము ఆరాధన ముగియగానే ఎవరో ఒకరు కాగితము పట్టుకొని మా బల్ల దగ్గరకు వస్తారు. బ్యాంకుకు ఒకటి, పింఛనుకు ఒకటి, పిల్లవాని కాలేజీకి ఒకటి. మేము వ్రాస్తాము, వారు సంతకము పెడతారు. "సారు లేకపోతే మా పని కాదు" అని వారు అంటుంటే మాకు లోలోపల సంతోషముగా ఉండేది. ఆ సంతోషము మంచిదేనా? ఒకరికి వ్రాసిపెట్టడము మేలా, వ్రాయడము నేర్పడము మేలా? ఈ ప్రశ్న మీ ముందు పెట్టాలని ఉన్నది.

ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్తాము. కొన్నేళ్ల క్రితము మా సంఘములోని ఒక విధవరాలు, పనిలో ఉండగా చనిపోయిన భర్తకు రావలసిన డబ్బు కొరకు దరఖాస్తు వ్రాయమన్నది. వ్రాశాము. ఆమె పేరులోని 'త'కు మన అలవాటు చొప్పున టి, హెచ్ రెండూ వేశాము. మహారాష్ట్రలో 'త'కు టి ఒక్కటే వేస్తారు, 'థ'కు మాత్రమే హెచ్ చేరుస్తారు. ఆమె బ్యాంకు పుస్తకములో హెచ్ లేదు. పైగా మనము ఇంటిపేరును ముందు ఒక్క అక్షరముగా కుదిస్తాము. ఇక్కడ పేరు, భర్త పేరు, ఇంటిపేరు మూడూ పూర్తిగా వ్రాయాలి. మూడు నెలల తరువాత ఆ కాగితము తిరిగి వచ్చింది.

ఆ సహోదరి మమ్మును ఒక్క మాట అనలేదు. "సారూ, మీరు రాసిన దాంట్ల తప్పెట్లుంటది? వాళ్లే తిప్పుతున్నరు" అన్నది. ఆ మాట మా మనస్సులో గ్రుచ్చుకున్నది. తప్పు మాది, నమ్మకము ఆమెది. ఆమెకు చదవడము వచ్చి ఉంటే బల్ల దగ్గరే "సారూ, ఇక్కడ ఒక అక్షరము ఎక్కువైంది" అని ఉండేది. ఆ దినము నిజము చెప్పలేకపోయాము. తరువాతి ఆదివారము చెప్పాము. దరఖాస్తు మరల వ్రాశాము.

భోకర్‌లోని తెలుగువారికి కాగితపు భాష ఇంటి భాష కావడము అరుదు. నిజాము పాలనలో అర్జీ అంటే ఉర్దూ. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రములో చేరినది. 1960 మే 1న అది మహారాష్ట్ర అయినది. తాలూకా కచేరీలో మరాఠీ వచ్చింది. ఇప్పుడు బ్యాంకు, బీమా, పెద్ద చదువు, దూరపు ఉద్యోగము అన్నింటికీ ఇంగ్లీషు. మన తాతలు, తండ్రులు, మనము, ప్రతి తరమూ పెద్దవయసులో మరల పలక పట్టవలసి వచ్చినవారమే. కాబట్టి నలభై ఏళ్లు దాటిన తరువాత స్పెల్లింగు నేర్చుకోవడము వింత కాదు, సిగ్గు అంతకన్నా కాదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టము చేయాలి. స్పెల్లింగు తప్పు పాపము కాదు, బుద్ధిహీనతకు గుర్తు కాదు. మన తెలుగు పలికినట్లు వ్రాసుకునే భాష, ఇంగ్లీషు అట్లు కాదు. అప్పు అనే అర్థముగల 'డెట్' అన్న మాటలో బి అక్షరము పలకదు. లాటిను మూలమును గుర్తుచేయడానికి పండితులు దానిని మధ్యలో దూర్చారు. శామ్యూల్ జాన్సన్ 1755లో లండనులో నిఘంటువు వేశాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో తన నిఘంటువు వేసి 'కలర్' అన్న మాటలోని యు అక్షరము తీసివేశాడు. లండనులో ఒప్పయినది అమెరికాలో తప్పయినది! ఇటువంటి కట్టుబాటును చూచి మనిషి విలువ కొలవవచ్చునా? న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయము గుర్తు తెచ్చుకొనండి. ఒక్క అక్షరము సరిగా పలకలేనివారిని యొర్దాను రేవుల దగ్గర పట్టుకొని చంపారు. అక్కడ కూలిన ఎఫ్రాయిమీయులు 42,000 మంది. ఇతరుల ఇంగ్లీషు విని నవ్వే మన యౌవనస్థులు ఆ అధ్యాయము ఒకసారి చదువవలెను.

అట్లయితే ఎందుకు శ్రమపడాలి అని మీరు అడుగవచ్చు. ఎందుకంటే ఉత్తరము ఒంటరిగా ప్రయాణము చేస్తుంది. మనము పక్కన నిలబడి "నా ఉద్దేశము అది కాదండీ" అని చెప్పలేము. ఇంకొక కారణము దీనికన్నా పెద్దది. సంతకము పెట్టినవాడే ఆ మాటకు బాధ్యుడు. ఎవరి అప్పుకో జామీను ఉంటున్నట్లు వ్రాసిన కాగితము మీద చదవకుండా సంతకము చేస్తే, తరువాత "నాకు తెలియదు" అన్న మాట అప్పు తీర్చదు. చదవలేని సంతకము తాళము వేయని ఇల్లు వంటిది.

"ఫోను ఉన్నది కదా, అదే దిద్దుతుంది" అని కొందరు అంటారు. ఫోను మంచి పనిముట్టే. కానీ మీ ఇంటిపేరు దానికి తెలియదు, దానిని వేరే మాటగా మార్చివేస్తుంది. 'లూజ్' అంటే పోగొట్టుకొనుట, 'లూస్' అంటే వదులు. ఒకదానికి బదులు ఇంకొకటి వ్రాస్తే రెండూ సరియైన మాటలే గనుక అది చాలాసార్లు ఊరకుంటుంది. అది వ్రాసిపెట్టినదైనా, సంతకము పెట్టేవాడు చదువుకోవలసిందే.

ఇతరులచేత వ్రాయించుకోవడము అవమానము కాదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు. అయినా పౌలు కొన్ని పత్రికల చివర తన చేతితో తానే వందనము వ్రాశాడు. వ్రాత ఇంకొకరిదైనా మాట తనదే అని దాని అర్థము.

పెద్దవయసులో నేర్చినవారికి మన బాప్తిస్టులలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. విలియం కేరీ చెప్పులు కుట్టిన మనిషి, కాలేజీ మెట్లు ఎక్కలేదు. 1793లో 32 ఏళ్ల వయసులో బెంగాలుకు వచ్చాడు. 1805లో మరాఠీ వ్యాకరణము, 1814లో తెలుగు వ్యాకరణము ప్రచురించాడు. మన భోకర్‌లో వినిపించే రెండు భాషలూ ఆయన పెద్దయిన తరువాత నేర్చినవే. 1812లో శ్రీరాంపురము అచ్చుకూటము కాలి ఎన్నో వ్రాతప్రతులు బూడిదయ్యాయి. ఆయన మరల మొదలుపెట్టాడు.

ఆ దరఖాస్తు తిరిగివచ్చిన సంవత్సరమే శనివారము సాయంత్రము ఒక గంట కూర్చోవడము ప్రారంభించాము. మొదట ఆరుగురు వచ్చారు. వారిలో ఒక ఆటో నడిపే సహోదరుడు, ఏడవ తరగతి చదివే కూతురు చూస్తుందని నోటుబుక్కును న్యూస్‌పేపరులో దాచి తెచ్చేవాడు. ఒకనాడు ఆ పిల్లయే వచ్చి తండ్రి పక్కన కూర్చున్నది. తరువాత న్యూస్‌పేపరు అవసరము లేకపోయింది.

మేము నేర్పినది కొంచెమే. మొదట మీ పేరు అన్ని కాగితములలో ఒకే అక్షరములతో ఉన్నదేమో సరిచూసుకొనండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. కాబట్టి ఎవరు, ఏమి చేశారు అన్నది ముందు వ్రాసి మిగిలినది తరువాత చేర్చండి. వాక్యము చిన్నదిగా ఉండనివ్వండి. 'ఎ', 'ది' అనే చిన్న మాటలకు తెలుగులో జత లేదు, అందుకే మరచిపోతాము. ఒక వస్తువును మొదటిసారి చెప్పినప్పుడు సాధారణముగా 'ఎ', మరల దానినే చెప్పినప్పుడు 'ది'. 'డిస్కస్' అన్న తరువాత 'ఎబౌట్' అక్కరలేదు. మీరు చేసిన తప్పులకే ఒక నోటుబుక్కు పెట్టుకొనండి, ఎందుకంటే ప్రతివాడూ అవే పది తప్పులు మరల మరల చేస్తాడు. వ్రాసినది ఆ రాత్రి పక్కన పెట్టి ఉదయము పైకి చదవండి. కన్ను దాటవేసినది చెవి పట్టుకుంటుంది.

మా ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది. నేర్చుకోలేని వృద్ధునికి, రోగికి వ్రాసిపెట్టాలి. నేర్చుకోగలవానికి నేర్పాలి. ఎవరికి వ్రాసినా, సంతకమునకు ముందు ప్రతి మాటా తెలుగులో చదివి వినిపించాలి. "సారు లేకపోతే మా పని కాదు" అన్న మాట వినాలని కోరుకునే సేవలో సేవకన్నా మన గొప్పే ఎక్కువ.

ఆ సహోదరికి డబ్బు వచ్చింది. ఇప్పుడు తన పేరు ఇంగ్లీషులో తానే వ్రాస్తుంది. మిగిలినది మేము వ్రాసినా, చదివి వినిపించనిదే కలము ముట్టదు. మమ్మును నమ్మక కాదు, తన మాట తనకు తెలియాలని.

మీ సంఘములో ఇంగ్లీషు వచ్చినవారు ఉంటే వారానికి ఒక గంట ఇవ్వండి. రానివారు ఆ గంటకు సిగ్గుపడక రండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.