అంగుళమంత అసత్యము

ఇతరులెవ్వరును చూడని తప్పును, చేసినవాడు తానుగా చెప్పుకొనవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అయితే దీనిని విచారించునప్పుడు మనము సాధారణముగా న్యాయస్థానమునో, వ్యాపారమునో, కొలువునో ఉదాహరణముగా తీసికొందుము. అచ్చట ధనలాభము, దండనభయము, కుటుంబభారము వచ్చి చేరి ప్రశ్నను మసకపరచును. ఆకలిగొన్న బిడ్డలకొరకు అబద్ధమాడిన తండ్రిని నిందించుటకు నోరు రాదు. లాభమును భయమును రెండును లేనిచోట, గాజుగోలీలు తప్ప మరేమియు చేతులు మారనిచోట, అదే ప్రశ్న ఎదురైనచో మనస్సు ఏమి చేయును? పరదేశమున నివసించుచుండగా నాకు ఆ పరీక్ష సంభవించినది. అది నాకు కీర్తి తెచ్చునది కాదు. అయినను దాచుకొనుటకంటె చెప్పుట మేలని తోచినది.

ఇంగ్లండు దక్షిణభాగమున, ససెక్సు సీమలో, టిన్‌స్లీ గ్రీన్ అను చిన్న పల్లె కలదు. ఒకవైపు క్రాలీ పట్టణము, మరియొకవైపు గాట్విక్ విమానాశ్రయము. అచ్చటి గ్రేహౌండ్ అను పానశాల ముంగిట గుడ్ ఫ్రైడేనాడు జరుగు గోలీల పోటీకి ఆ పల్లె ప్రసిద్ధి. నేటి రూపమున ఆ పోటీ 1932లో ఆరంభమైనది. ఐతిహ్యము మాత్రము దానిని 1588 వరకు వెనుకకు తీసికొనిపోవును. ఎలిజబెతు రాణి కాలమున ఇద్దరు యువకులు ఒక పాలపడుచును వరించిరట. అన్ని క్రీడలలోను సమానులుగా తేలి, తుదకు గోలీలతో ఆ వివాదమును తీర్చుకొనిరట. మత్స్యయంత్రమును కొట్టి వధువును గెలిచిన కథ తెలిసిన మనకు ఇది వింతగా తోచనక్కరలేదు. ఆ సీమలో గోలీలు ఈస్టరునకు ముందు వచ్చు ఉపవాసదినములలో ఆడునట్టివి. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నముతో ఆ ఋతువు ముగియునని పెద్దల మాట. జానపద గాయకుడుగా పేరొందిన జార్జి మేనార్డు (1872–1962) ఆ ప్రాంతపు గోలీల జట్టునకు నాయకుడుగా ఉండెననియు, ముదిమియందును వంగి వ్రేళ్లు నేల కాన్చెననియు అచ్చటివారు నేటికిని మురిపెముతో చెప్పుకొందురు.

ఆట నియమములు స్వల్పములు. ఆరడుగుల వ్యాసముగల గుండ్రని గట్టుమీద సన్నని ఇసుక చల్లి, నడుమ నలువదితొమ్మిది చిన్న గోలీలను గుమిగూర్చి యుంచుదురు. ఒక్కొక్క జట్టున ఆరుగురు. ప్రతివానికి ముప్పాతిక అంగుళపు వేటుగోలీ యొకటి యుండును. దానిని వారు ‘టాలీ’ అందురు. మొదట ఎవరు ఆడవలెనో తేల్చుటకు నాయకులు తమ ముక్కు ఎత్తునుండి టాలీని గీతపైకి జారవిడుతురు. గీతకు దగ్గరగా పడినవాని జట్టుది మొదటి వంతు. బొటనవ్రేలితో చిమ్మి, చిన్న గోలీని వలయము వెలుపలికి పంపవలెను. గోలీ వెలుపలికి పోయి, టాలీ లోపలనే నిలిచినచో మరల ఆడవచ్చును. ఇరువదియైదు గోలీలు ముందుగా కొట్టిన జట్టు గెలుచును. నలువదితొమ్మిది బేసిసంఖ్య గనుక సరిసమానమను మాట ఆ ఆటలో లేదు. ఎవరో యొకరు ఓడితీరవలెను.

వీనియందు అతిముఖ్యమైన నియమ మొకటి కలదు. వేటు వేయునప్పుడు చేతి వ్రేలికణుపు ఒకటియైనను నేలకాని యుండవలెను. టాలీ వ్రేలినుండి వెడలువరకు చేయి ముందునకు జరుగరాదు. జరిగినచో బొటనవ్రేలి బలమునకు ముంజేతి బలముకూడ తోడై, వేటు దొంగవేటగును. ఈ దోషమునకు వారు ‘ఫడ్జింగ్’ అని పేరు పెట్టిరి.

నేను తెనాలిలో పెరిగినవాడను. మా బాల్యమున గోలీలు కొనుటకు కానులు లేనప్పుడు పగిలిన సోడాబుడ్డినుండి తీసిన గోలీయే మాకు మహాధనము. ఆ నీలిపచ్చని గాజుగోళము బుడ్డి మెడలోనుండి లోని వాయువు త్రోపుడుచే పైకెగసి రబ్బరు కట్టునకు అదుముకొని మూతగా నిలుచును. ఆ బుడ్డిని 1872లో తన పేర హక్కు పొంది తయారుచేసినవాడు హైరం కాడ్ అను ఆంగ్లేయుడే యని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. అట్టి గోలీ యొకటి నాతోకూడ సముద్రములు దాటి వచ్చి, క్రాలీలో నా చొక్కాజేబులో ఉండెడిది. ఎందుకని అడిగినచో చెప్పలేను. పరదేశమున నుండువారు ఇట్టి నిష్ప్రయోజన వస్తువులను కొన్నిటిని దాచుకొందురు.

ఒకనాడు పనిచోట ఆ గోలీ జేబునుండి జారిపడినది. దానిని చూచిన సహోద్యోగి, తమ జట్టులో ఆరవవాడు జబ్బుపడినాడనియు, నీవు రాగలవా అనియు అడిగెను. సంతోషముగా ఒప్పుకొంటిని. కాని చేతులకు వచ్చిన విద్య వేరు. మన పద్ధతిలో ఎడమచేతి బొటనవ్రేలిని నేలకాన్చి, నడిమివ్రేలి కొనకు గోలీని చేర్చి, కుడిచేతితో ఆ వ్రేలిని విల్లువలె వెనుకకు వంచి విడుచుదుము. అచ్చట అది పనికిరాదు. నలువదియేండ్లు దాటినపిమ్మట నెలదినములు వంటయింటి బల్లమీద దుప్పటి పరచి బొటనవ్రేలికి క్రొత్త అక్షరాభ్యాసము చేయించితిని. ఇంటివారు నవ్విరి. నాకు మాత్రము లోలోపల ఒక పట్టుదల కలిగెను. ఆ పట్టుదలలోనే తరువాతి దోషమునకు బీజము పడినదని ఇప్పుడు తోచుచున్నది.

2016 సంవత్సరపు గుడ్ ఫ్రైడే. మా మొదటి ఆట పొరుగు పల్లెవారితో. వారి నాయకుడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు. మోకాళ్లు సహకరింపక, ప్రతి వేటునకు ముందు గట్టుమీద అరచేయి మోపి మెల్లగా వంగెడివాడు. ఆట నడిమికి వచ్చునప్పటికి వారు రెండు గోలీలు ముందున్నారు. నా వంతు వచ్చినది. గోలీ యొకటి అంచునకు జానెడు దూరమున నున్నది. వ్రేలికణుపు నేలకాన్చి చిమ్మితిని. చిమ్ముచుండగనే మణికట్టు ముందునకు జారుట నాకు తెలిసినది. అంగుళమంత; అంతకంటె ఎక్కువ కాదు. గోలీ వెలుపలికి పోయినది. చప్పట్లు మ్రోగినవి. నిర్ణేత లెక్కలో ఒకటి కూర్చెను. ఆయనను తప్పుపట్టుటకు వీలులేదు; పరుగెత్తు గోలీని చూచు కన్ను చేతిని చూడజాలదు. నేను మాటాడలేదు. నా తరువాతి వేటు తప్పినది. ఆట సాగి సాగి ఇరువదినాలుగు, ఇరువదినాలుగు అయ్యెను. వలయమున ఒక్క గోలీ మిగిలెను. దానిని మా జట్టువా డొకడు నిష్కళంకముగా కొట్టెను. మేము గెలిచితిమి. వారు ఇంటికి పోవలసినవారైరి.

నేనెందుకు మాటాడలేదు? ఆ క్షణమున మనస్సు వినిపించిన వాదములను ఒక్కొక్కటిగా తీసి చూచితిని. చేయి బుద్ధిపూర్వకముగా జరుపలేదు గదా యనునది మొదటిది. ఇది నిజమే, కాని చేయి జరుగుట బుద్ధిపూర్వకము కాకున్నను, మౌనము బుద్ధిపూర్వకమే. జట్టులోని తక్కిన అయిదుగురికి అన్యాయము చేయరాదు గదా యనునది రెండవది. వారికి నేను నావంతు ప్రయాసము ఇచ్చుటకు బద్ధుడనే గాని, నాది కాని గోలీని తెచ్చి యిచ్చుటకు కాదు. దీనిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

మూడవ వాదము మాత్రము బలమైనది. నిర్ణేత యున్నాడు, చూచుట ఆయన ధర్మము, ఆడుట నా ధర్మము, ఎవరి పని వారు చేయుటయే వ్యవస్థ. న్యాయస్థానమున నిందితుడు తన నేరమును తానే చెప్పుకొనవలెనని చట్టమును బలవంతపెట్టదు. ఆటగాడు మాత్రము ఎందుకు చెప్పవలెను? దీనికి నాకు చాలదినములు సమాధానము దొరకలేదు. తుదకు తోచినది ఇది. చట్టము నిందితునికి ఆ రక్షణము నిచ్చుట, అధికారము చేతనున్నవారు హింసించి నోరు తెరిపింపకుండుటకై. ఆటలో నన్ను హింసించువా డెవడు? అచ్చట నిర్ణేత యుండుట మా యిరుపక్షముల సందేహములను తీర్చుటకు. నాకు సందేహమే లేదు. సందేహము లేనివాడు నిర్ణేతవెనుక దాగుట, దీపము తనచేతిలో నుండగా చీకటియని చెప్పుటవంటిది. పైగా వ్రేలికణుపు నియమము పూర్తిగా పైవాడు కాపాడగలిగినది కానేకాదు. ఆరడుగుల వలయముచుట్టు వంగిన మనుష్యుల చేతులను ఒక్కడు చూడగలడా? ఆ నియమము ఆటగాని మనస్సునే కావలివానిగా నియమించి చేసినట్టిది.

నాల్గవ వాదము చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ గుంపులో నేనొక్కడనే భారతీయుడను. ‘చెప్పినచో, మనవాడు తప్పుడు ఆట ఆడినాడందురు, నీ పేరు ఎవరికిని గుర్తుండదు, నీ దేశము గుర్తుండును’ అని మనస్సు పలికెను. పరదేశమున నివసించువారిలో ఈ భావము ఎరుగనివాడు అరుదు. మనము వీథిలో నడచినను, బస్సులో కూర్చున్నను, ఒక దేశపు భారమును మోయుచున్నట్లు తలంతుము. ఈ భావము మంచి నడవడికి ప్రేరణమగునని ఎన్నిమారులో విని యుంటిని. చాలసారులు అగును కూడ. కాని నా యనుభవమున అది దానికి విరుద్ధముగా పనిచేసినది. దేశగౌరవమను వస్త్రము కప్పుకొని నిలిచినది నా యహంకారమే. వంటయింటి బల్లమీద నెల రోజులు నేర్చిన బొటనవ్రేలి పరువు అది. దానికి మాతృదేశపు పేరు పెట్టినంతనే అసత్యముకూడ త్యాగమువలె కనబడెను.

ఇచ్చట ధర్మరాజు జ్ఞాపకము వచ్చును. ద్రోణుడు అశ్వత్థామనుగూర్చి అడిగినప్పుడు ఆయన నోట వెలువడిన మాటలలో అక్షరార్థమున అబద్ధము లేదు. ఏనుగు చచ్చినది నిజమే. ఆ మాటయు ఆయన పలికెను, వినబడకుండునట్లు పలికెను. అయినను నేలను అంటక తేలియాడిన ఆయన రథము నేలకు దిగినదని భారతకథ. ఆయన ముందర కురుక్షేత్రమున్నది, సేనల ప్రాణములున్నవి, స్వయముగా శ్రీకృష్ణుని ప్రేరణమున్నది. నా ముందర అర అంగుళపు గోలీ యొకటి. ఆయనకు ఒక మాట తగ్గించి పలుకవలసివచ్చెను. నాకు ఏమియు పలుకనవసరమే లేకపోయెను. ప్రలోభము తగ్గినకొలది దోషము తేలికయగునని తలంతుము గాని, నా విషయమున అది బరువైనట్లే తోచినది. పణ మింత స్వల్పమైనప్పుడే నోరు పెగలనివాడు, గొప్ప పణము వచ్చినప్పుడు ఏమి చేయునో నాకు తెలియదు.

రెండవ ఆటలో మేము ఓడితిమి. సాయంకాలము జనము పలుచబడిన పిమ్మట ఆ వృద్ధుడు ఒక బల్లకడ ఒంటరిగా కూర్చుండి యుండెను. దగ్గరకుపోయి జరిగినది చెప్పితిని. ఆయన కొంతసేపు నా ముఖమువంక చూచెను. కోపగింపలేదు. “అప్పుడు చెప్పియుండినచో ఆ గోలీ నాది. ఇప్పుడు చెప్పుటవలన మీ మనస్సు తేలికపడినది. నాకేమి వచ్చినది?” అని అడిగెను. నేను క్షమింపుడని చెప్పబోయితిని. ఆ మాటకూడ మరియొకటి అడుగుటయే యని స్ఫురించి, నోట రాలేదు.

ఆయన మాట కఠినమైనది గాని నిజము. ఆలస్యమైన ఒప్పుకోలులో సగము ఎదుటివానికై చేయునది, సగము తనకై చేసికొనునది. అంతవరకు ఆయన న్యాయముగా ఓడితినని శాంతముగా కూర్చున్నాడు. నేను పోయి ఆ శాంతిని తీసికొని, నా యశాంతిని ఆయనకు ఇచ్చి వచ్చితిని. అయితే చెప్పకుండుటయే మేలా? అట్లని నేను అనజాలను. ఆయన శాంతి నా యసత్యముమీద నిలిచినది; దానిని అట్లే నిలుపుటకు నాకు హక్కు లేదు. చెప్పవలసినదే. కాని చెప్పుటను సుకృతముగా లెక్కించుకొనరాదు. అది గడువు దాటిన అప్పు తీర్చుటవంటిది. వడ్డీ మాత్రము తీరలేదు.

మా జట్టు నాయకునితోను చెప్పితిని. ఆయనకు నచ్చలేదు. “ఆట ముగిసినపిమ్మట లెక్క మార్చరు” అనెను. మరుసటి యేడు జట్టునకు ఆరవవాడు కోలుకొని వచ్చినందున నన్ను పిలువలేదు. కారణము అంతియేనో, మరియొకటి కూడ కలదో నేనడుగలేదు.

ఆ సాయంకాలము వృద్ధుడు లేచిపోవునప్పుడు నా చేతిలోని సోడాగోలీని చూచి, అది యెక్కడిదని అడిగెను. తెనాలి సోడాబుడ్డి కథ చెప్పితిని. తమ తాతగారి తోట త్రవ్వుచుండగా అట్టి బుడ్లు విరిగినవి మంటిలో దొరకెడివనియు, పిల్లలు అందులోని గోలీలకొరకు తగవులాడెడివారనియు ఆయన చెప్పెను. గోలీని వెలుతురునకెత్తి లోపలి బుడగను చూచెను. దానిని ఆయననే ఉంచుకొమ్మంటిని. వలదని తల యూపి, నా అరచేతిలో పెట్టి, బల్లను ఆసరాగా పట్టుకొని మెల్లగా లేచెను.