మనుమడితో కలిసి సుతలానికి

వామన చరిత్ర చదివేవాళ్ళలో చాలామంది మూడో అడుగు దగ్గరే పుస్తకం మూసేస్తారు. బలి తల ఒగ్గాడు, దానం పూర్తయింది, కథ కంచికి. బమ్మెర పోతన అక్కడ ఆగలేదు. ఆ తర్వాతి పద్యాల్లో ఒక తాత వస్తాడు. నా మట్టుకు నాకు భాగవతం అష్టమ స్కంధానికి గుండెకాయ అదే.

ఆ తాత ప్రహ్లాదుడు. మనకు ప్రహ్లాదుడంటే ఎప్పటికీ పసివాడే. సినిమాల్లో, గోడ మీది పటాల్లో స్తంభం పక్కన చేతులు జోడించి నిలబడ్డ కుర్రాడు. అతను పెరిగి పెద్దవాడయ్యాడనీ, విరోచనుడనే కొడుకును కన్నాడనీ, ఆ కొడుకు బ్రాహ్మణ వేషాల్లో వచ్చిన దేవతలకు తెలిసి తెలిసీ తన ఆయుష్షునే దానం చేశాడనీ ఎంతమందికి గుర్తు? అలా తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు బలి. అతనికి మిగిలిన పెద్దదిక్కు తాత.

ఈ సంగతి అందరికన్నా తేలిగ్గా అందవలసింది మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, కొంతం చౌక్ తెలుగువాళ్ళకు. అక్కడి పద్మశాలీల ఇళ్ళలో మార్కండేయుడి పటం చూడండి. శివలింగాన్ని రెండు చేతులా వాటేసుకున్న బాలుడు, మెడకు యమపాశం. చూపుకు పదహారేళ్ళవాడు, వరసకు తాత! మార్కండేయుడి కొడుకు భావనారుషి, కోడలు భద్రావతి. వాళ్ళకు నూటొక్కమంది కొడుకులనీ, 101 గోత్రాలు వాళ్ళ నుంచే వచ్చాయనీ కులపురాణం. కోడలి పేరున సోలాపూర్‌లో ఏకంగా ఒక పేటే ఉంది, భద్రావతి పేఠ్. శ్రావణ పౌర్ణమి నాడు కొత్త జంధ్యాలు వేసుకుని, మార్కండేయుడి రథం లాగే నేతవాళ్ళు ఊరేగిస్తున్నది ఒక పిల్లవాణ్ణి. దణ్ణం పెడుతున్నది తాతకి. నమ్మకంలో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

ఇక పద్యాల దగ్గరికి. బలి స్వర్గం మీదికి దండెత్తబోయే ముందు ఇద్దరు పెద్దలు అతనికి రెండు కానుకలు ఇచ్చారని భాగవతం చెబుతుంది. గురువు శుక్రుడు శంఖం ఇచ్చాడు. తాత వాడని పూలమాల ఇచ్చాడు. కథలో ఇది ఎంత చిన్న వివరమో, తర్వాత జరిగేది చూస్తే అంత పెద్దది. వామనుడికి దానం ఇవ్వొద్దన్న మాట వినలేదని గురువు శపించాడు, సంపద పోతుందన్నాడు. మాల ఇచ్చిన తాత మాత్రం, అంతా పోయాక, వెతుక్కుంటూ వచ్చాడు.

వచ్చే వేళ కూడా చూడండి. వరుణపాశాలతో కట్టేసి ఉన్న బలి విష్ణువుతో మాట్లాడుతున్నాడు. ఆ మాటల్లో తాత ప్రస్తావన వచ్చింది: కన్నతండ్రి ఎన్ని బాధలు పెట్టినా నిన్ను వదలనివాడు మా తాత అని. ఆ మాట నోట్లో ఉండగానే ప్రహ్లాదుడు ఎదుట నిలిచాడు. మామూలుగా అయితే బలి లేచి, ఎదురెళ్ళి, కాళ్ళు కడిగేవాడు. ఇప్పుడు చేతులు కూడా జోడించలేడు. తల ఒక్కటే వంచగలిగాడు. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం ఎత్తలేని సిగ్గు. మూడు లోకాలూ పోయినందుకు ఏడవని మనిషి, తాతకు మర్యాద చేయలేకపోయినందుకు ఏడ్చాడు.

ప్రహ్లాదుడు ఏం చేశాడు? మనుమణ్ణి విడిచిపెట్టమని అడగలేదు. అడిగినవాళ్ళు వేరే ఉన్నారు. బలి భార్య వింధ్యావళి మాట్లాడింది, బ్రహ్మ కట్లు విప్పమన్నాడు. తాత మాత్రం విష్ణువుకు మొక్కి, ఇచ్చిందీ నీవే, తీసుకున్నదీ నీవే, రెండూ బాగానే ఉన్నాయన్నాడు. సంపద మనిషి కళ్ళు కప్పేస్తుంది కాబట్టి ఇది దయే అన్నాడు. మొదటిసారి చదివితే కఠినంగా తోస్తుంది. కానీ ఆ మాట దూరాన కూర్చుని పంపిన కబురు కాదు. కట్టేసి ఉన్న మనుమడి పక్కన నిలబడి, అతను వింటుండగా అన్నది. బలి సిగ్గుపడుతున్నది ఓడిపోయానని. తాత ఆ ఓటమిలోంచి సిగ్గును తీసేశాడు.

కొంతం చౌక్ తాతల దగ్గర ఈ పద్యాలు కాస్త తిరగబడతాయి. ఓరుగల్లు, నల్లగొండ, కరీంనగర్ సీమల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలివి. 1877లో మొదలైన జునీ మిల్లు మూతపడింది, ఆ తర్వాత మిగతా పెద్ద మిల్లులూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చినా, నేసినవాడి చేతికి వచ్చేది ఎంతో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. ఇక్కడ ఓడినవాడు తాత, చూస్తున్నవాడు మనుమడు. మధ్య తరం పవర్‌లూమ్ కార్ఖానాలో షిఫ్టుకో, పుణె ఉద్యోగానికో పోయి ఉంటుంది. నాయనమ్మ గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లవాడు మరాఠీలో ఏదో అడుగుతాడు, తాత తెలుగులో జవాబిస్తాడు, ఇద్దరికీ లోటేమీ అనిపించదు. పడుగులో పోగు తెగితే ఎలా అతకాలో తాత చూపిస్తాడు: తెగిన రెండు కొసలూ కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పి, ముడి ఉబ్బెత్తుగా రాకుండా. పిల్లవాడి ముడి లావుగా వస్తుంది. తాత తిట్టడు, విప్పి మళ్ళీ చేతికిస్తాడు. ఆ పిల్లవాడు నేతగాడు కావాలన్న ఆశ ఆ తాతకు లేదనే అనుకుంటాను.

ఇంకో విశేషం. కొంతం చౌక్ తెలుగువాళ్ళు బతుకుతున్నది బలిని మరిచిపోని జనం మధ్య. దీపావళి మర్నాడు పాడ్వా వస్తుంది. పీడలు పోయి బలి రాజ్యం రావాలని మరాఠీ ఆడవాళ్ళు హారతి పట్టి కోరుకుంటారు. మనకూ పంచాంగంలో బలిపాడ్యమి ఉంది గానీ, ఇంత మనసు పెట్టి పిలిచే అలవాటు తక్కువే. ఆ పూట తాతలు మనుమలకు బలి కథ చెబితే, ప్రహ్లాదుడు వచ్చే పద్యాలను కూడా వదలకుండా చెబితే బాగుంటుంది.

వరసలు కలుపుకోవడం మనకు సరదా కాబట్టి ఒకటి చెబుతాను. హిరణ్యకశిపుడు దితికీ కశ్యపుడికీ పుట్టాడు. వామనుడు అదితికీ అదే కశ్యపుడికీ పుట్టాడు. అంటే గొడుగు పట్టుకుని మూడడుగులు అడిగిన ఆ బుల్లి వటువు ప్రహ్లాదుడికి బాబాయి, బలికి ముత్తాత వరస! చివర్లో విష్ణువు ప్రహ్లాదుణ్ణి, ఆ ముసలి తాతను, బిడ్డను పిలిచినట్టు పిలుస్తాడు. దేవుడు కాబట్టి అలా పిలిచాడనుకుంటాం. బాబాయి కాబట్టి కూడా.

అలా పిలిచి చెప్పింది ఒక్కటే, మనుమడితో కలిసి సుతలమనే కింది లోకానికి వెళ్ళి సంతోషంగా ఉండమని. అక్కడ గద పట్టుకుని వాకిట కాపలా తానే ఉంటానన్నాడు. ఈ దయ బ్రహ్మకూ శివుడికీ లక్ష్మికీ కూడా దక్కలేదే అని ప్రహ్లాదుడు పొంగిపోయాడు. చిన్నప్పుడు తండ్రి తనను ఏనుగుల కింద తోయించి, పాములచేత కరిపించినప్పుడు ఇంట్లోంచి ఒక్క పెద్దవాడూ అడ్డం రాలేదు. తాత కశ్యపుడు ఆ కథలో కనబడడు. మనుమడి వేళకు ఆ చోటు ఖాళీగా ఉండనివ్వలేదు ప్రహ్లాదుడు.

సావర్ణి మన్వంతరంలో బలికి ఇంద్రపదవి ఖాయమైంది. అప్పటిదాకా కాలం గడపడానికి ఇచ్చిన చోటు సుతలం అనుకోకండి, స్వర్గంలో ఉన్నవాళ్ళు కూడా ఆశపడే చోటని దానికి పేరు. స్వర్గం గెలిచి ఏలిన రోజుల్లో మాత్రం బలి ఒక్క పూటైనా తాత పక్కన తీరిగ్గా కూర్చున్నట్టు అష్టమ స్కంధంలో నాకు కనబడలేదు.